చేతిలో సూదులు, చెవిలో హిందీ, పక్కన పిల్లి: మూడూ ఒక్క సాయంత్రంలో ఎలా కుదుర్చుకోవాలి

ఊలు అల్లడం నేర్చుకోవాలని ఉంది. హిందీ బాగా మాట్లాడాలని ఉంది. ఇంట్లో పిల్లో, కుక్కో, లేదా రెండూనో ఉన్నాయి. ఉద్యోగం, వంట, పిల్లల హోంవర్కు పోగా మీకు మిగిలేది రాత్రిపూట ఒక గంట, మహా అయితే గంటన్నర. ఆ గంటను మూడు ముక్కలు చేసి తలా ఇరవై నిమిషాలు పంచితే ఏదీ సాగదు. అల్లిక చేతికి పట్టుబడేలోపే లేవాల్సి వస్తుంది. మీరు లేవగానే పిల్లి ఊలు ఉండ మీదికి దూకుతుంది.

ఒకదాని ఖాళీలో ఇంకొకటి దూర్చుకుంటేనే ఇది కుదురుతుంది. ఆడి, తిని అలసిన జంతువు కాసేపు నిద్రపోతుంది, ఆ నిద్రలో అల్లుకోవచ్చు. సాదా అల్లికలో చేతులకే పని, చెవులు ఖాళీ. ఆ చెవులకు హిందీ పెట్టుకోవచ్చు. కాబట్టి వరస ఎప్పుడూ ఇదే: ముందు జంతువు, తర్వాత సూదులు, ఆపైన హిందీ. ఈ వరస మార్చకండి. కింద చెప్పేదంతా దీని మీదే నిలబడి ఉంది.

అల్లడానికి ఒక మఫ్లర్ తీసుకుందాం. హనుమకొండలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున వాకింగుకు పోయేవాళ్లకు మఫ్లర్ నిజంగా పనికొస్తుంది. ఆదిలాబాద్ వైపు చుట్టాలుంటే ఇంకా మంచిది, అక్కడి చలి మన దగ్గరకన్నా చాలా గట్టిది. బతుకమ్మ, దసరా హడావుడి తీరాక మొదలుపెడితే చలి ముదిరేసరికి మెడకు చుట్టుకోవచ్చు.

ముందుగా కొనాల్సినవి

నంబర్ 8 సూదుల జత ఒకటి, ఊలు 200 గ్రాములు, మొన మొద్దుగా ఉండే పెద్ద కన్ను సూది ఒకటి, చిన్న కత్తెర. అంతే. టైలరింగ్ సామాను అమ్మే దుకాణాల్లో ఇవన్నీ దొరుకుతాయి.

సూదుల నంబర్ల దగ్గర జాగ్రత్త. మన దుకాణాల్లో ఇప్పటికీ పాత బ్రిటిష్ నంబర్లే నడుస్తున్నాయి. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: నంబర్ 8 అంటే 4 మిల్లీమీటర్లు, నంబర్ 10 అంటే 3.25. అమెరికా పద్ధతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది, అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా చూసి "8 నంబర్" అని అడిగి తెచ్చుకుంటే మీ మఫ్లర్ అట్టలాగా బిగుసుకుపోవచ్చు. అందుకే మిల్లీమీటర్లు చూసి కొనండి. చేతులకు చెమట పట్టే వాళ్లయితే అల్యూమినియం సూదులకన్నా వెదురు సూదులు హాయిగా ఉంటాయి.

ఊలు అని అడిగితే మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది ఆక్రిలిక్. అదేమీ తప్పు కాదు. మొదటి మఫ్లర్‌కు అదే మంచిది, ఉతకడం తేలిక, పురుగు పట్టదు. అయితే "ప్యూర్ ఊల్" అని చెప్పి ఎక్కువ ధర అడిగితే మాత్రం చిన్న పోగు తెంపి, ఇంటికొచ్చాక పట్టుకారుతో పట్టుకుని నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని వెలిగించి చూడండి. అసలు ఊలు వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. ఆక్రిలిక్ కరిగి గట్టి నల్లపూసలా అవుతుంది. పత్తి నూలైతే కాగితం కాలినట్టు కాలుతుంది. కావలసిన ఊలంతా ఒకేసారి కొనండి, లేబుల్ మీద డై లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) అన్నిటికీ ఒకటే ఉందో లేదో చూడండి. తర్వాత ఇంకొక ఉండ తెస్తే అదే రంగే అయినా మఫ్లర్ మధ్యలో గీత గీసినట్టు కనబడుతుంది.

రంగు ఎంచుకునేటప్పుడు మీ పిల్లి రంగు గుర్తు పెట్టుకోండి. తెల్ల పిల్లి ఉన్న ఇంట్లో నల్ల ఊలు తెచ్చుకుంటే రోజూ వెంట్రుకలు ఏరుతూ కూర్చోవాలి.

జంతువు సంగతి

పిల్లి ఊలు ఉండతో ఆడుతున్న బొమ్మలు మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. ఆ బొమ్మను మనసులోంచి తీసేయండి. పిల్లికి ఊలు ఆటవస్తువుగా ఎప్పుడూ, ఒక్కసారి కూడా ఇవ్వకండి. పిల్లి నాలుక మీద ముళ్లలాంటివి లోపలి వైపుకు వంగి ఉంటాయి. ఒకసారి పోగు నోట్లోకి పోయిందంటే అది ఉమ్మేద్దామనుకున్నా ఉమ్మలేదు, లోపలికే పోతూ ఉంటుంది.

కాబట్టి సూదులు తీయడానికి ముందు పదిహేను నిమిషాలు పిల్లితో ఆడండి. ఒక కర్రకు గుడ్డ ముక్క గట్టిగా కట్టి, నేల మీద పాకిస్తూ, మంచం కిందికి దాస్తూ, మళ్లీ బయటికి తెస్తూ ఆడించాలి. మొహం ముందు ఊపితే దానికి ఆసక్తి ఉండదు, ఎర పారిపోవాలి. చివర్లో దాన్ని పట్టుకోనివ్వండి. వెంటనే తిండి పెట్టండి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర: పిల్లికి ఇది పుట్టుకతో వచ్చిన వరస. ఈ వరస మీరు పూర్తి చేస్తే అది తనంతట తానే పడుకుంటుంది. ఆట అయ్యాక ఆ కర్రను కూడా అల్మారాలో పెట్టేయండి.

కుక్కకైతే నడక. ఎండాకాలంలో పొద్దు గుంకగానే బయటికి తీసుకెళ్లకండి, మన తారు రోడ్లు చాలాసేపు వేడిగానే ఉంటాయి. అరచేతి వెనక వైపు రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలకు కూడా అది వేడే. వచ్చాక నీళ్లు పెట్టి, ఒంటిని బ్రష్‌తో దువ్వండి. ఆ అయిదు నిమిషాల దువ్వడంతో మఫ్లర్‌లోకి చేరే వెంట్రుకలు బాగా తగ్గుతాయి. సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుని దువ్వితే మాత్రం ఆ వెంట్రుకలన్నీ తిరిగి ఊలు మీదే వాలతాయి, వరండాలో దువ్వండి.

మీ కుర్చీ పక్కనే, కుర్చీకన్నా కాస్త ఎత్తులో, పిల్లికి ఒక చోటు ఇవ్వండి. స్టూలు మీద మడతపెట్టిన జంపఖానా చాలు. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు దీనికి బాగా పనికొస్తాయి. నేత దగ్గరగా, చదునుగా ఉంటుంది కాబట్టి గోళ్లు పెద్దగా తగులుకోవు, వెంట్రుకలు దులిపితే పోతాయి. 2018లో వీటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన ఊరి నేత మన ఇంట్లో వాడుకలో ఉండటం నాకు ఎంతో ఇష్టం.

ఉండను కెటిల్లో పెట్టండి

పిల్లిని లాగేది ఉండ కాదు, కదిలే పోగు. మీరు అల్లుతుంటే ఉండ నేల మీద దొర్లుతుంది, పోగు ఉన్నట్టుండి బిగుసుకుని మళ్లీ వదులవుతుంది. నిద్రపోతున్న పిల్లి ముందు ఒక చెవి మాత్రం తిప్పుతుంది. తర్వాత కళ్లు తెరవదు కానీ తోక కొస ఒకసారి కొడుతుంది. మూడోసారి పోగు కదిలేసరికి ముందు కాళ్లు ఒంటి కిందికి లాక్కుని, వెనక భాగం అటూ ఇటూ ఊపుతుంది. అది చూశారంటే ఇక దూకడానికి ఒక్క క్షణమే ఉంది, చేతిలో అల్లికను కింద పెట్టకుండా, పోగుతో సహా ఒళ్లోకి లాక్కోండి.

అసలు అంతదాకా రానివ్వకుండా ఉండాలంటే టీ కొట్టువాళ్లు వాడే అల్యూమినియం కెటిల్ ఒకటి కొనుక్కోండి. ఉండ లోపల, మూత పైన, పోగు ముక్కులోంచి బయటికి. ముక్కు లోపల జల్లెడలాంటి రంధ్రాలు లేనిది చూసి తీసుకోండి. పోగును బయటికి తేవడానికి ఒక సన్నటి తీగ కొసకు ముడి వేసి లాగితే వచ్చేస్తుంది. కెటిల్ బరువుకు కదలదు, ఉండ దొర్లదు, పోగు మీ ఒడి పక్కన బెత్తెడు మాత్రమే కనబడుతుంది. స్టీలు డబ్బా మూతకు రంధ్రం చేసి వాడొచ్చు కానీ రేకు అంచు ఊలును కోస్తుంది.

మధ్యలో తలుపు కొట్టారనుకోండి, కుక్కర్ విజిల్ వేసిందనుకోండి. వరస పూర్తి చేసి, సూదులతో సహా అల్లికంతా జిప్ ఉన్న సంచిలో పెట్టి, అప్పుడు లేవండి. "ఒక్క నిమిషమే కదా" అని కుర్చీలో వదిలి వెళ్లొద్దు. ఎవరు ఎంత పిలిచినా సరే.

పిల్లి, కుక్క ఊలు మింగితే

ఈ ఒక్క భాగం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

పోగు ఒక కొస నాలుక కిందో, పొట్టలోనో చిక్కుకుని ఇంకో కొస పేగుల్లోకి జారితే, పేగు దాన్ని ముందుకు నెట్టే ప్రయత్నంలో తానే దగ్గరకు ముడుచుకుంటుంది. లంగాకు బొందు లాగితే గుడ్డంతా కుచ్చులు పడ్డట్టే. ఆ బిగువుకు పోగు పేగును లోపలి నుంచి కోసేయగలదు. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి ఇది.

అందుకని నోట్లోంచో, వెనక నుంచో పోగు కొస వేలాడుతూ కనిపిస్తే లాగకండి. ఎంత చిన్నదిగా కనబడినా లాగకండి. వాంతి చేయించే ప్రయత్నం వద్దు. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, ఆముదం పట్టించమని, నెయ్యి నాకించమని, అరటిపండు పెడితే జారిపోతుందని. ఏదీ వద్దు. డాక్టర్ చెప్పేదాకా తిండి కూడా ఆపండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

మింగడం మీరు చూడకపోయినా కొన్ని గుర్తులు ఉంటాయి: మళ్లీ మళ్లీ వాంతులు, తిండి ముట్టకపోవడం, మంచం కింద దాక్కుని రాకపోవడం, విరేచనానికి కూర్చుని ముక్కడం, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం. అల్లే ఇంట్లో పిల్లి ఇలా ఉంటే "రేపు చూద్దాం" అనుకోకూడదు. మీకు దగ్గరలో ఉన్న పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. వరంగల్ దగ్గర మామునూరులో, జగిత్యాల జిల్లా కోరుట్లలో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీలు ఉన్నాయి. మీ ఇంటికి ఏది దగ్గర, ఏ వేళల్లో చూస్తారు, రాత్రిపూట ఎవరు పలుకుతారు అన్నది ఇవాళే కనుక్కుని ఫోన్ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. టెన్షన్‌లో వెతుక్కోవడం కష్టం. వెళ్లేటప్పుడు అదే ఊలు ముక్క ఒకటి వెంట తీసుకెళ్లండి. ఎంత పొడవు, ఎప్పుడు, సూది కానీ పిన్ను కానీ దాంతో పోయిందా అన్నది మొదటే చెప్పండి. ఊలు పోగు ఎక్స్‌రేలో నేరుగా కనబడదు, పేగు ముడుచుకున్న తీరును బట్టి డాక్టర్లు గుర్తుపడతారు. మీరిచ్చే సమాచారం వాళ్లకు చాలా సాయం.

ఇప్పుడు అల్లిక

మొదటి వారం హిందీ వినడం వద్దు. చేతులు నేర్చుకునేటప్పుడు చెవులు కూడా వాటికే కావాలి.

40 కుట్లు వేసుకోండి. కొసన ముప్పావు మీటరు పోగు వదిలి, అక్కడ సర్రుముడి వేసి సూదికి ఎక్కించండి. అదే మొదటి కుట్టు. మిగిలిన 39 వదిలిన కొసతో, ఉండ పోగుతో కలిపి ఎక్కించాలి. ఎక్కించడం మాటల్లో చదివితే తికమకగా ఉంటుంది, వీడియో చూసి రెండుసార్లు చేస్తే వచ్చేస్తుంది. వదులుగా ఎక్కించండి. మొదట అందరికీ భయంతో చేయి బిగుస్తుంది, బిగిస్తే తర్వాతి వరసలో సూది దూరదు.

ఆ తర్వాత తెలియాల్సినవి రెండే కుట్లు. సాదా కుట్టుకు ఊలు వెనక ఉండాలి. కుడిచేతి సూదిని ఎడమ సూది మీది మొదటి కుట్టులోకి ముందు నుంచి వెనక్కి దూర్చి, ఊలును దాని మొన చుట్టూ తిప్పి, ఆ చుట్టును ముందుకు లాగి, పాత కుట్టును ఎడమ సూది మీంచి జారవిడవాలి. ఉల్టా కుట్టుకు ఊలు ముందుకు రావాలి, సూది వెనక నుంచి ముందుకు దూరాలి.

మొదటి 10 వరసల్లో ప్రతి వరసా రెండు సాదా కుట్లు, రెండు ఉల్టా కుట్లు, మళ్లీ రెండు సాదా, రెండు ఉల్టా. ఇది బార్డరు, సాగి మళ్లీ దగ్గరకు వస్తుంది. ఆ తర్వాత మఫ్లర్ అంతా ప్రతి వరసా సాదా కుట్టే. అలా అల్లితే రెండు వరసలకు ఒక గట్టు లేస్తుంది, రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు చుట్టుకుపోవు. ఒక వరస సాదా, ఒక వరస ఉల్టా అల్లితే నునుపుగా అందంగా వస్తుంది కానీ మఫ్లర్ గొట్టంలా చుట్టుకుపోతుంది. మొదటిసారికి గట్లదే అల్లండి. 40 కుట్లకు దాదాపు 20 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. మీటరున్నర పొడవు రాగానే మళ్లీ 10 వరసల బార్డరు వేసి, కుట్లు మూసేయండి, అంటే అల్లిక విడిపోకుండా ముగించండి. చివర్లో కుచ్చులు వేలాడదీయకండి, పిల్లి ఉన్న ఇంట్లో కుచ్చులు కొరుకుడుకే.

కొత్త ఉండ కలిపేటప్పుడు ముడి వేయొద్దు. వరస మొదట్లో కొత్త పోగు పట్టుకుని బెత్తెడు కొస వదిలి అల్లేయండి, చివర్లో పెద్ద సూదితో కొసలన్నీ గట్లలోకి దూర్చి దాచండి. కత్తిరించిన ముక్కలు నేల మీద పడకూడదు. పక్కనే మూత ఉన్న డబ్బా పెట్టుకుని అందులో వేసి, లేచేటప్పుడు మూత ఉన్న డస్ట్‌బిన్‌లో పారేయండి.

హిందీని ఎక్కడ దూర్చాలి

హిందీయే ఎందుకంటే, మన దేశంలో అల్లిక గురించి మంచి వీడియోలు చాలావరకు హిందీలోనే ఉన్నాయి. పంజాబ్, హిమాచల్, ఉత్తరప్రదేశ్ ఆడవాళ్లు తరతరాలుగా అల్లుతున్నారు, వాళ్ల చేతి ఒడుపు చూసి నేర్చుకోవాల్సిందే. వరంగల్‌లో పెరిగిన మనకు బజారు ఉర్దూ ఎలాగూ చెవిన పడి ఉంటుంది కాబట్టి సగం దారి నడిచి ఉన్నట్టే.

ముందు ఆ అల్లేవాళ్ల మాటలు కొన్ని నేర్చుకోండి. ఊన్ అంటే ఊలు. సలాయి అంటే సూది, అల్లిన వరసను కూడా సలాయి అనే అంటారు. కుట్టు ఫందా, ఉండ గోలా. సాదా కుట్టు సీధా, రెండోది ఉల్టా. కుట్లు ఎక్కించమనడానికి "ఫందే డాలియే", మూసేయమనడానికి "ఫందే బంద్ కీజియే". "ఊన్ ఆగే" అంటే పోగు ముందుకు, "ఊన్ పీఛే" అంటే వెనక్కి. "దో ఫందే ఏక్ సాథ్" అంటే రెండు కుట్లు కలిపి ఒకటి చేయమని.

తెలుగువాళ్లకు హిందీలో కష్టమయ్యేది వస్తువులకు కూడా ఆడ, మగ ఉండటం. వాక్యం వరస మనలాగే ఉంటుంది, క్రియ చివరనే వస్తుంది, ఆ తలనొప్పి లేదు. ఈ లింగం సంగతి మాత్రం పట్టిక బట్టీ పడితే నిలవదు. అల్లుతూ పైకి అనుకుంటే నిలుస్తుంది. ఫందా పుంలింగం, అందుకని "సీధా ఫందా", "ఉల్టా ఫందా". సలాయి స్త్రీలింగం, అందుకని "సీధీ సలాయి", "ఉల్టీ సలాయి". బహువచనమైతే "దో సీధే, దో ఉల్టే". బార్డరు పది వరసల్లో ఈ మాట ఎన్నిసార్లు అంటారో చూడండి. చేతికి కుట్టు ఎలా అలవాటవుతుందో నోటికి ఆ చివరి అక్షరం అలా అలవాటవుతుంది.

అంకెలు కూడా ఇక్కడే. హిందీలో వంద దాకా అంకెలు దేనికది వేరు, చాలామంది ఇరవై దగ్గరే ఆగిపోయి ఇంగ్లీషులోకి దూకుతారు. మీ వరసలో 40 కుట్లు ఉన్నాయి కదా, ప్రతి వరసనూ ఏక్ నుంచి చాలీస్ దాకా హిందీలో లెక్కపెట్టండి. ఉన్నీస్, ఉన్తీస్, ఉన్తాలీస్ దగ్గర అందరూ తడబడతారు. తర్వాతి పదికి ఒకటి తక్కువ అని గుర్తుపెట్టుకుంటే చాలు: బీస్‌కు ఒకటి తక్కువ ఉన్నీస్, తీస్‌కు ఒకటి తక్కువ ఉన్తీస్, చాలీస్‌కు ఒకటి తక్కువ ఉన్తాలీస్. వరస చివర చాలీస్ రాకపోతే ఒక కుట్టు జారినట్టే, అల్లిక కూడా సరిచూసుకున్నట్టవుతుంది.

ఇక వినడం. మఫ్లర్ మధ్యభాగం, ప్రతి వరసా సాదాగా సాగేది, దీనికి బంగారం లాంటి చోటు. కళ్లకు పని చెప్పేది కాకుండా చెవికి మాత్రమే పని చెప్పేది పెట్టుకోండి. మొదట్లో మీకు ముందే తెలిసిన కథలు వినండి. మన తెనాలి రామలింగడి కథలు తెనాలీరామ్ పేరుతో హిందీలో చాలా ప్రచారంలో ఉన్నాయి. కథ తెలుసు కాబట్టి తెలియని మాట కూడా సందర్భంతో అర్థమవుతుంది. కాస్త అలవాటయ్యాక ఆకాశవాణి హిందీ వార్తలు వినండి, అంత స్పష్టమైన ఉచ్చారణ వేరే చోట దొరకడం కష్టం. తెలియని మాట వచ్చిందని ఆడియో ఆపి ఫోన్ తీయొద్దు. వరస మధ్యలో ఆగితే కుట్లు జారతాయి. వరస చివరికి వచ్చాక, అప్పటికీ ఆ మాట మనసులో మిగిలి ఉంటే పక్కనున్న నోటుబుక్కులో తెలుగు లిపిలోనే రాసుకోండి. రోజుకు అయిదు మాటలు మించొద్దు.

బార్డరు వేసేటప్పుడు కథలు వద్దు, నోటితో "దో సీధే, దో ఉల్టే" అనుకోవడమే ఆ రోజు పాఠం. స్వెటర్ మెడ కత్తిరింపు, రంధ్రాలు వచ్చే జాలీ డిజైన్ లాంటివి ముందు ముందు మొదలుపెడితే అప్పుడు పూర్తిగా నిశ్శబ్దం. ఇయర్‌ఫోన్స్ రెండు చెవులకూ పెట్టకండి, ఒక చెవి పిల్లికి, ఇంటికి వదిలి ఉంచండి.

నోరు తెరవడం

విన్నది నోటికి రావాలంటే మనుషులు కావాలి. కాజీపేట రైల్వే కాలనీల్లో, ఎన్ఐటీ చుట్టుపక్కల, రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లో హిందీ మాట్లాడే కుటుంబాలు ఉంటాయి. పక్కింటి ఆవిడ వరండాలో స్వెటర్ అల్లుతూ కనిపిస్తే మొహమాటపడకండి. "భాభీజీ, యే బార్డర్ కైసే బనాయా? కిత్నే ఫందే డాలే?" అని అడగండి. అల్లేవాళ్లకు తమ అల్లిక గురించి అడిగితే వచ్చే సంతోషం మీకు తెలిసిందే, అరగంట వదలరు. చలికాలంలో రోడ్డు పక్కన స్వెటర్లు అమ్మడానికి ఉత్తరాది వాళ్లు వస్తారు. "యే ఊన్ కా హై యా ఎక్రిలిక్ కా?" అన్న ఒక్క ప్రశ్నతో మాట మొదలవుతుంది. బజార్లో అలవాటైన "నక్కో", "హౌ" మన దక్కనీ మాటలు, మన ఊళ్లో అవి ముద్దుగానే ఉంటాయి. పంజాబ్ ఆవిడతో మాట్లాడేటప్పుడు "నహీ", "హాఁ" అనండి, పెద్దవాళ్లను "ఆప్" అనండి.

వ్యాకరణం క్రమంగా చదవాలనుకుంటే దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ఉన్నాయి. 1918లో గాంధీజీ మొదలుపెట్టిన సంస్థ అది. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అని మెట్లుగా ఉంటాయి. వయసుతో పనిలేదు.

మనుషుల ముందు ఇంకా సిగ్గుగా ఉంటే కుక్కతో మాట్లాడండి. ఇందులో అసలైన లాభం ఒకటి ఉంది. కుక్కకు "ఛోడో" అన్న ఒక్క ఆజ్ఞ నేర్పండి, ఊలు ఉండ నోట కరుచుకున్న రోజు అదే కాపాడుతుంది. ముందు దాని బంతి నోట్లో ఉన్నప్పుడు ఉప్పూ కారం లేని ఉడికించిన చికెన్ ముక్క ముక్కు దగ్గర పెట్టండి. నోరు తెరవగానే "ఛోడో" అని, ముక్క ఇచ్చి, బంతి కూడా తిరిగి ఇచ్చేయండి. తిరిగి ఇవ్వడం ముఖ్యం. వదిలితే పోదు, ఇంకా మంచిది వస్తుందని దానికి తెలియాలి. రోజూ కొద్దిసేపు చేస్తే కొన్నాళ్లకు ముక్క చూపించకుండానే వదులుతుంది. ఊలు పట్టుకున్నప్పుడు వెంటపడి పరుగెత్తకండి, వెంటపడితే గుటుక్కున మింగేస్తుంది. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. మీరు "ఛోడో" అని, నాయనమ్మ "ఇడిసిపెట్టు బిడ్డా" అంటే పాపం దానికి ఏమీ అర్థం కాదు. ముందే తెలుగులో నేర్చుకున్న ఆజ్ఞలను మాత్రం మార్చకండి.

ఉతకడం, దాచడం

మఫ్లర్ పూర్తయ్యాక ఎవరికైనా ఇచ్చేముందు తప్పకుండా ఉతకండి. మన ఇంటి పిల్లి వెంట్రుకలు మనకు అలవాటే కానీ ఆస్తమా ఉన్నవాళ్లకు ఇబ్బంది. గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూ వేసి, రుద్దకుండా ముంచి తీసి, పిండకుండా టవల్‌లో చుట్టి అదమండి. తీగ మీద వేలాడదీస్తే సాగిపోతుంది. నవారు మంచం మీద పల్చటి గుడ్డ పరిచి, దాని మీద మఫ్లర్ చదునుగా వేసి నీడలో ఆరబెట్టండి, కింది నుంచి కూడా గాలి తగిలి త్వరగా ఆరుతుంది. ఆరేది తడి ఊలైనా సరే పిల్లి వచ్చి పడుకుంటుంది కాబట్టి మంచానికి దోమతెర కట్టేయండి. ఆక్రిలిక్‌కు ఇస్త్రీ పెట్టొద్దు, వేడికి చచ్చుబడి మెరుస్తుంది, ఇక బాగుకాదు.

దాచేటప్పుడు కలరా ఉండలు వాడకండి. అవి కుక్కలకు, పిల్లులకు విషం. ఆక్రిలిక్‌కు ఎలాగూ పురుగు పట్టదు, దాని భయం అసలు ఊలుకే. అసలు ఊలైతే ఏడాదికి రెండుసార్లు ఎండ చూపించి, బాగా ఆరిన వేపాకుతో కలిపి మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి.

మిగిలిన ఊలు

మఫ్లర్ అయ్యాక మిగిలిన ఊలుతో పిల్లికి పరుపు అల్లండి. రెండు పోగులు కలిపి, నంబర్ 5 సూదుల మీద, అంటే 5.5 మిల్లీమీటర్లు, 50 కుట్లు వేసి ప్రతి వరసా సాదాగా అల్లుకుంటూ పోతే సరి. ఊలు చాలకపోతే ఇంకో రంగు కలపండి, పిల్లికి పట్టింపు లేదు. హిందీ లెక్క కూడా ఉన్‌చాస్, పచాస్ దాకా వెళ్తుంది. ఎండాకాలంలో ఇదే పత్తి నూలుతో చేయండి. బొత్తాలు, పూసలు, కుచ్చులు ఏవీ వద్దు. కొసలు బెత్తెడు లోపలికి దూర్చి, అటు ఒకసారి, ఇటు ఒకసారి తిప్పి దాచండి. వారానికోసారి దులిపేటప్పుడు అంచులు చూడండి. ఎక్కడైనా ఉచ్చు లేచి ఉంటే సూదితో లోపలికి లాగండి. పిల్లి దాన్ని కొరకడం మొదలుపెడితే మాత్రం తీసేసి, జంపఖానానే ఉంచేయండి.